చిన్న విమానమునకు ఇంట ఫ్లోటులు చేయు విధానము

2024వ సంవత్సరము నవంబరు 9వ తేదీన విజయవాడ వద్ద కృష్ణానది నీటిపై నుండి ఒక విమానము లేచి, శ్రీశైలము జలాశయమున దిగెను. అది ప్రదర్శనార్థము నడిపిన ప్రయాణము. ఆ దృశ్యమును పత్రికలలో చూచిన మా విద్యార్థులు కొందఱు తరువాతి వారము తరగతిలో నన్నొక ప్రశ్న వేసిరి. "అయ్యా, నావ నీటిని అంటిపెట్టుకొని పోవును గదా. విమానము నీటినుండి ఎట్లు విడివడి పైకి లేచును?" అని వారడిగిరి.

ప్రశ్న చిన్నదే. నేను నల్లబల్లపై ఏవో కొన్ని గీతలు గీసి సమాధానము చెప్పితిని గాని, అడిగినవారి ముఖములలో తృప్తి కానరాలేదు. చెప్పుటకంటె చేసి చూపుట మేలని అప్పుడు తలచితిమి. దూరమునుండి రేడియో యంత్రముతో నడిపెడి చిన్న విమానమొకటి మా విద్యార్థులు ఇదివఱకే చేసియుండిరి. దాని చక్రములు తీసివైచి, వాని స్థానమున ఫ్లోటులు అమర్చ పూనుకొంటిమి. ఫ్లోటులనగా విమానము క్రింద జంటగా బిగించెడి, పైన మూసియున్న చిన్న దోనెలవంటివి. ఆ పనిలో మేము నేర్చినది ఈ వ్యాసమున క్రమముగా వ్రాయుచున్నాను. మా తప్పులను దాచలేదు. ఏలయన, సరిగా చేసిన పనులకంటె ఆ తప్పులే మాకు ఎక్కువ నేర్పినవి.

పూర్వచరిత్ర

నీటిపైనుండి తన యంత్రబలముచేత మొదట లేచిన విమానము ఫ్రాన్సు దేశీయుడగు హెన్రీ ఫాబర్ నిర్మించినది. 1910వ సంవత్సరము మార్చి 28వ తేదీన ఆయన దక్షిణ ఫ్రాన్సునందలి మార్టీగ్ అను ఊరి యొద్ద, బెర్ర్ అను ఉప్పునీటి సరస్సుపై దానిని నడిపి, సుమారు అర కిలోమీటరు దూరము ఎగిరెను. దానికి ముందొకటియు వెనుక రెండును, మొత్తము మూడు ఫ్లోటులుండెను. ఆ దినమునకు పూర్వము ఫాబర్ ఏ విమానమును నడిపియుండలేదు. మఱు సంవత్సరము జనవరి 26వ తేదీన అమెరికా దేశమున గ్లెన్ కర్టిస్ సాన్ డియాగో అఖాతముపై నుండి లేచి, మరల నీటిపైననే దిగెను.

అయినను 1912లో కర్టిస్ ఒక చిక్కునబడెను. ఆ యేట ఆయన చేసిన విమానము క్రింద ఫ్లోటులు లేవు, దాని శరీరమే పడవ. అది నీటిపై వేగముగా పరుగెత్తినదే గాని పైకి లేవలేదు. పడవ అడుగున అడ్డముగా ఒక మెట్టు అమర్చిన పిదప లేచెను. ఈ మెట్టును మన పాఠకులు బాగుగా జ్ఞాపకముంచుకొనవలెను. మేము చేసిన పని యంతయు తుదకు దానియొద్దకే వచ్చినది.

మెట్టు అను భావము విమానములకంటె పాతది. 1872లో ఇంగ్లండు దేశమున ససెక్సు జిల్లాలోని ప్లేడెన్ గ్రామపు దేవాలయ గురువగు రెవరెండు రామస్ గారు, ఓడల అడుగున మెట్టు పెట్టినచో అవి నీటిని చీల్చుకొని పోవుటకు మాఱుగా నీటిపై జాఱుచు పోవునని బ్రిటిషు నౌకాశాఖకు తెలియజేసిరి. విలియం ఫ్రూడ్ అను శాస్త్రజ్ఞుడు మాదిరి ఓడలతో దానిని పరీక్షించెను. ఆనాటి ఆవిరియంత్రములు తమ బరువునకు తగినంత బలము గలవి కావు గనుక ఆ భావము ఓడలకు పనికిరాకపోయెను. నలువది యేండ్ల తరువాత విమానములకు అదియే ప్రాణమాయెను. గ్రామగురువు ఒకరు తీరికవేళ చేసిన ఆలోచన వ్యర్థము కాలేదని గమనింపుడు.

ఫ్లోటు చేయవలసిన మూడు పనులు

మొదటి పని తేలుట. కొల్లేటి ప్రాంతమున తాటి మ్రానును తొలిచి చేసిన దోనెలలో జనులు తిరుగుట మనలో పెక్కుమంది ఎఱుగుదురు. ఆ దోనె తాను తొలగించిన నీటి బరువెంతో అంత బరువును మోయును. ఆర్కిమిడీసు సూత్రమిదియే. ఒక ఘన సెంటీమీటరు మంచినీరు ఒక గ్రాము తూగును గనుక, లెక్క మిక్కిలి సులభము. 1850 గ్రాముల విమానము తేలుటకు 1850 ఘన సెంటీమీటర్ల నీరు తొలగవలెను.

రెండవ పని జాఱుట. విమానము నిలిచియున్నప్పుడు దాని బరువునంతయు నీటి ఉత్ప్లవన బలమే మోయును. వేగము హెచ్చినకొలది ఫ్లోటు అడుగున నీరు గట్టిగా తగిలి దానిని పైకెత్తును. చెఱువులో పిల్లలు విసరెడి పెంకు మునుగక గంతులు వేయుచు పోవుటకు కారణమిదియే. ఇట్లు ఫ్లోటు పైకి వచ్చి నీటి పై పొరమీద పరుగిడును.

మూడవ పని విడుచుట. ఇది అన్నిటికంటె కష్టము. మేము మొదట దీనిని ఎఱుగమైతిమి.

మా మొదటి జంట ఫ్లోటులు చూచుటకు ముచ్చటగానుండెను. చేప శరీరమువలె ముందు గుండ్రముగాను, నడుమ నిండుగాను, వెనుక సన్నముగాను వానిని చెక్కి నునుపు చేసితిమి. చెఱువులో విడువగా చక్కగా తేలినవి. యంత్రమునకు పూర్తి బలమిచ్చితిమి. విమానము చెఱువు ఈ దరినుండి ఆ దరివఱకు నీరు చిమ్ముచు పరుగెత్తినది గాని, ఒక్క అంగుళమైనను లేవలేదు. పై పెచ్చు వేగము హెచ్చినకొలది దాని తోకభాగము నీటిలోనికి క్రుంగుచుండెను. ఆరుమారులు ప్రయత్నించితిమి. ఆరుమారులును అంతే.

చెంబు చెప్పిన పాఠము

ఆ రాత్రి నేను భోజనానంతరము చెంబుతో చేయి కడుగుకొనుచుండగా కారణము తోచినది. చెంబును కొంచెముగా వంచినపుడు నీరు నేరుగా క్రిందికి పడదు. గుండ్రని అంచును పట్టుకొని, చెంబు ప్రక్కవెంబడి జాఱి, మోచేతివఱకు తడుపును. పలుచని వాడియైన అంచుగల పాత్రనుండి పోసినపుడు నీరు అంచుయొద్దనే తెగి పడును. ప్రతి గృహిణికిని ఈ సంగతి తెలియును.

మఱొక పరీక్ష కూడ ఇంటనే చేయవచ్చును. గరిటె కొనను రెండు వ్రేళ్ళతో వదులుగా పట్టి, దాని వీపును కొళాయి ధారకు మెల్లగా తాకింపుడు. నీరు గరిటెను దూరముగా త్రోయునని మనము తలచెదము. కాని ధార దానిని తనలోనికి లాగుకొనును. నీరు గుండ్రని వీపును అనుసరించి వంగును. నీటిని అట్లు వంచిన గరిటె, దానికి బదులుగా నీటివైపునకే లాగబడును.

మా చేపవంటి ఫ్లోటునకు జరిగినది ఇదియే. దాని వెనుకటి సగము పైకి వంగియున్నది గనుక నీరు ఆ వంపును పట్టుకొని పైకి తిరిగి, ఫ్లోటును క్రిందికి లాగినది. తేలుటకు అనుకూలమైన ఆకారమే లేచుటకు ఆటంకమైనది. అడుగున నడుమ అడ్డముగా మెట్టు కోసినచో నీరు ఆ వాడి అంచుయొద్ద తెగిపోవును. మెట్టు వెనుక గాలి ప్రవేశించును. ఫ్లోటు వెనుకటి సగము తడి లేక తేలికగానుండును. అప్పుడు విమానము మెట్టు ముందరి కొద్ది భాగముమీద మాత్రమే నిలిచి పరుగిడి, ఱెక్కల బలముచేత లేచును.

మఱునాడు ఈ సంగతి విద్యార్థులకు చెప్పగా, వారు ఉత్సాహముతో రెండవ జంటను మెట్టుతో చేసిరి. వారిలో మిక్కిలి శ్రద్ధగల ఒక బాలుడు, పని అందముగానుండవలెనని, మెట్టు అంచును కూడ ఉప్పుకాగితముతో గుండ్రముగా రుద్దెను. ఆ జంటయు లేవలేదు. వాడి అంచు అందమునకు పెట్టినది కాదనియు, ఫ్లోటునకు అదియే ముఖ్యాంగమనియు అప్పుడు అందఱమును తెలిసికొంటిమి. మూడవ జంట లేచినది. దాని కొలతలే క్రింద ఇచ్చుచున్నాను.

కొలతలు

మా విమానము ఱెక్కల పొడవు ఈ కొననుండి ఆ కొనవఱకు 150 సెంటీమీటర్లు. శరీరము పొడవు 110 సెంటీమీటర్లు. బరువు 1500 గ్రాములు. ఫ్లోటులకును వాని కాళ్ళకును 350 గ్రాములు చేర్చగా మొత్తము 1850 గ్రాములైనది. తేలుటకు ఇంత చాలును గాని, గాలిలోను అలలలోను మునుగకుండుటకు దీనికి రెట్టింపు ఉండవలెను. అనగా రెండు ఫ్లోటులును కలిసి 3700 ఘన సెంటీమీటర్లకు తక్కువ కారాదు.

ఫ్లోటు పొడవు విమాన శరీరము పొడవులో సుమారు నాలుగింట మూడు వంతులుండుట మంచిది. మేము 82 సెంటీమీటర్లు తీసికొంటిమి. వెడల్పు 7, ఎత్తు 6 సెంటీమీటర్లు. ఈ కొలతలుగల దిమ్మె 3444 ఘన సెంటీమీటర్లు. ముందును వెనుకను కోసివేయగా మూడింట రెండు వంతులు మిగులును. అనగా ఒక్కొక్కటి సుమారు 2300, రెండును కలిసి 4600. కావలసినదానికంటె ఎక్కువగానే యున్నది.

మెట్టు ముందు కొననుండి 44 సెంటీమీటర్ల యొద్ద, ఒక సెంటీమీటరు లోతున ఉండవలెను. మెట్టు వెనుక అడుగుభాగము ఆరు డిగ్రీలు పైకి లేచిపోవలెను. అట్లు చేసినచో వెనుక కొనయొద్ద మందము ఒక సెంటీమీటరు మాత్రము మిగులును. ముందు 16 సెంటీమీటర్ల భాగమును పడవ ముక్కువలె పైకి వంపవలెను. ముక్కు చాలినంత ఎత్తు లేనిచో అది నీటిలో గ్రుచ్చుకొని విమానము తలక్రిందగును. అడుగు చదునుగా ఉన్నను చాలును. క్రొత్తగా నేర్చువారికి చదునైన అడుగే సులభము, త్వరగా నీటిపైకి కూడ తెచ్చును.

ఇతర విమానములు చేయువారు మా అంకెలను అట్లే తీసికొనక, పై నిష్పత్తులను తమ విమానమునకు అన్వయించుకొనవలెను.

కావలసిన వస్తువులును చేయు క్రమమును

గట్టి థర్మాకోలు దిమ్మెలు, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, 4 మిల్లీమీటర్ల గట్టి ఉక్కు తీగ, పాత సైకిలు చువ్వలు, పలుచని గాజునార గుడ్డ, ఎపాక్సీ జిగురు, ఉప్పుకాగితము, సన్నని రాగితీగ, టంకము కావలెను. చేతిలో పైకము తక్కువగా ఉన్నవారు గాజునార గుడ్డకు బదులు గట్టి గోధుమరంగు కాగితమును ఫెవికాల్‌తో అంటించి, ఆఱిన పిదప నీటిలో కలిపెడి వార్నిషు మూడు పూతలు పూయవచ్చును. అది కొన్ని దినములు మాత్రమే నిలుచును గాని ప్రయోగమునకు చాలును.

మొదట ఫ్లోటు ప్రక్క ఆకారమును అట్టపై గీసి, అట్టివి రెండు ప్లైవుడ్డు పలకలు కోయవలెను. వానిని థర్మాకోలు దిమ్మెకు ఇరుప్రక్కల గుండుసూదులతో గ్రుచ్చి, వేడి తీగను పలకల అంచువెంబడి నడిపినచో ఫ్లోటు ఒక్క తీరుగా తెగివచ్చును. వేడి తీగ అనగా వెదురు విల్లునకు కట్టి బ్యాటరీతో వేడిచేసిన నైక్రోము తీగ. ఈ పనిని పెద్దల సమక్షమున, ఆరుబయట చేయవలెను. కాలెడి థర్మాకోలు పొగ ఊపిరితిత్తులకు హానికరము. వేడి తీగ లేనివారు సన్నని ఱంపముతో కోసి ఉప్పుకాగితముతో రుద్దవచ్చును.

రెండు ఫ్లోటులును సరిగా ఒక్కటే ఆకారమున ఉన్నవో లేవో ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. అటుపిమ్మట పైతలమున గాడి కోసి, రెండు సెంటీమీటర్ల వెడల్పుగల ప్లైవుడ్డు పట్టీని పొడవునను ఎపాక్సీతో అంటింపవలెను. కాళ్ళు బిగించునది ఈ పట్టీకే గాని థర్మాకోలునకు కాదు. మెట్టు అంచున ఒక మిల్లీమీటరు మందముగల ప్లాస్టికు పట్టీని అడ్డముగా అంటించి, అంచు వాడిగా నిలుచునట్లు చూడవలెను. ఉప్పుకాగితమును అక్కడికి పోనీయవద్దు.

తరువాత గాజునార గుడ్డను పఱచి ఎపాక్సీ పూయవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక. కొన్ని జిగురులును, డబ్బాలనుండి చిమ్మెడి రంగులును థర్మాకోలును కరగించివేయును. గోళ్ళరంగు తుడిచెడి ద్రవమును ఒక చుక్క వేసి చూడుడు. ఒక్క నిమిషములో గుంత పడును. పడవలకు వాడెడి పాలియెస్టరు జిగురు కూడ అట్టిదే. కావున ఏ జిగురునైనను పాఱవేయు ముక్కపై పరీక్షింపక ఫ్లోటునకు పూయరాదు.

నోవహు తన ఓడకు లోపలను వెలుపలను కీలు పూసిన సంగతి మన ఆదివారపు పాఠశాల బాలురందఱు ఎఱుగుదురు. మనమును అంత శ్రద్ధ వహింపవలెను. సూదిమొనయంత రంధ్రమునుండి చొచ్చిన నీరు థర్మాకోలు గింజల నడుమ చేరి, ఎంత ఎండబెట్టినను వెలుపలికి రాదు. ప్రతి ఆటకు ముందును తరువాతను ఫ్లోటులను తూచినచో కారుట తెలియును. తూకము పెరిగినచో రంధ్రము వెదకవలెను.

విమానమునకు అమర్చుట

విమానము గురుత్వకేంద్రము ఎచ్చటనున్నదో ముందు గుర్తింపవలెను. సామాన్యముగా అది ఱెక్క ముందంచునుండి ఱెక్క వెడల్పులో నాలుగవ వంతునకును మూడవ వంతునకును నడుమ నుండును. మెట్టు ఈ కేంద్రమునకు సరిగా క్రిందనైనను, ఒకటి లేక రెండు సెంటీమీటర్లు వెనుకనైనను ఉండవలెను. మిక్కిలి వెనుకకు పోయినచో విమానము ముక్కెత్తలేదు. ముందుకు వచ్చినచో తోకమీద కూలబడును. ఫ్లోటులు కట్టిన తరువాత గురుత్వకేంద్రమును మరల చూచి, అవసరమైనచో బ్యాటరీని ముందు వెనుకలకు జరిపి సరిచేయవలెను.

ఫ్లోటు ముక్కు ప్రొపెల్లరుకంటె ఐదు సెంటీమీటర్లయినను ముందుకుండవలెను. లేనిచో చిమ్మెడి నీరు ప్రొపెల్లరుకు తగిలి వేగము తగ్గును. రెండు ఫ్లోటుల నడుమ దూరము ఱెక్కల పొడవులో సుమారు నాలుగవ వంతు. మాకు 37 సెంటీమీటర్లయినది. ఫ్లోటుల పైతలమునుబట్టి చూడగా ఱెక్క ముందంచు రెండు మూడు డిగ్రీలు పైకి ఎత్తియుండవలెను. అట్లున్నచో విమానము మెట్టుమీద పరుగిడుచున్నపుడే ఱెక్కలు బరువును మోయ మొదలిడును.

కాళ్ళకు ఉక్కు తీగను వంచి, ముందొక జత వెనుకొక జత పెట్టి, ఫ్లోటులను ఒకదానితో నొకటి రెండు అడ్డతీగలతో కలుపవలెను. కీళ్ళయొద్ద రాగితీగ చుట్టి టంకము వేయవలెను. మూలనుండి మూలకు సైకిలు చువ్వలను బిగించినచో ఫ్లోటులు ఊగవు. రెండు ఫ్లోటులును సమానాంతరముగా లేనిచో విమానము ఒక ప్రక్కకు లాగుచునేయుండును. ముందు కొనల నడుమ దూరమును వెనుక కొనల నడుమ దూరమును దారముతో కొలిచి సరిచూడవలెను.

ఫ్లోటులు గాలికి ప్రక్కతలమును హెచ్చించును గనుక, ఆకాశమున విమానము తోక నిలుకడ తప్పవచ్చును. తోక అడుగున చిన్న నిలువు పలకను చేర్చినచో ఈ లోపము తీఱును. నీటిపై తిరుగుటకు ఒక ఫ్లోటు వెనుక కొనకు రేకుతో చిన్న చుక్కానిని అమర్చి, విమానపు చుక్కానితో కలుపవలెను.

రేడియో గ్రాహకయంత్రమును రబ్బరు బుడగలో పెట్టి మూతి బిగింపవలెను. లిథియము బ్యాటరీ నీటిలో తడిసినచో దానిని మరల వాడక, ఇంటిలోనికి తేక, మండు వస్తువులకు దూరముగా ఆరుబయట ఉంచి పెద్దలకు తెలుపవలెను.

పరీక్షయును మొదటి ఎగురుటయు

చెఱువునకు పోకముందు పెద్ద తొట్టిలో విమానమును తేల్చి చూడవలెను. రెండు ప్రక్కలును సమముగా మునుగవలెను. తోకవైపు కొంచెము దిగియున్నను మంచిదే గాని, ముక్కు దిగియుండరాదు.

చెఱువులో మొదటి దినము ఎగురవేయ యత్నింపక, మెల్లగా త్రిప్పుట మాత్రము నేర్చుకొనవలెను. ఎగురవేయునాడు విమానమును గాలికి ఎదురుగా నిలుపవలెను. తోకనున్న ఎత్తుపలకను పైకి పట్టి, యంత్రపు బలమును క్రమముగా హెచ్చింపవలెను. విమానము ముక్కెత్తి, పిదప మెట్టుపైకి వచ్చి తేలికగా పరుగిడును. అప్పుడు ఎత్తుపలకను మెల్లగా సడలించి, వేగము చేరనిచ్చి, మరల కొంచెము పైకి పట్టినచో నీటిని విడుచును. తొందరపడి లాగినచో లేచిన వెంటనే ఒరిగి పడును.

నీరు అద్దమువలె కదలక ఉన్ననాడు సులభమని తోచును గాని, నిజమునకు ఆనాడే కష్టము. చిన్న అలలున్నచో ఫ్లోటు అడుగునకు గాలి చేరి విడుపు సులభమగును. అద్దమువంటి నీటిపై దిగునపుడు ఎత్తు ఎంతయో కన్నులకు తెలియదు. మొదటి దినములలో సన్నని అలలుండి, గాలి మెల్లగా వీచెడి ఉదయకాలము శ్రేష్ఠము.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి

ఇంతవఱకు చెప్పినది విమానమును గుఱించి. ఇప్పుడు చెప్పబోవునది పిల్లలను గుఱించి.

రెండవ జంటను పరీక్షించుచున్న దినమున గాలి ప్రక్కనుండి కొట్టి విమానము చెఱువు నడుమ బోర్లపడెను. నేను నోరు తెఱచులోపల ఎనిమిదవ తరగతి బాలుడొకడు చొక్కాతోనే నీటిలో దుమికెను. వానికి ఈత వచ్చును. కాని చెఱువు నడుమ తూడుతీగలు వాని కాళ్ళకు చుట్టుకొనెను. దైవకృపవలన సమీపమున వల తీయుచున్న ఒక బెస్తవాడు దోనె త్రోసికొనిపోయి వానిని పైకి లాగెను. వాడు క్షేమముగా ఇల్లు చేరెను. ఆ సాయంకాలము నేను వాని యింటికి పోయి తల్లిదండ్రులయెదుట నిలిచి, దోషము నాదని ఒప్పుకొంటిని. కొలతలన్నియు వ్రాసికొని పోయితిని గాని, విమానము నడుమ చిక్కినచో ఏమి చేయవలెనో ముందుగా ఆలోచింపలేదు. ఆ తల్లి నన్ను నిందింపలేదు. "ఇక ముందు చూచుకొనుడు, అయ్యా" అని మాత్రమనెను. నిందించియున్నచో నాకు తేలికగా నుండెడిదేమో.

నాటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. దరిని మనుష్యుడు సిద్ధముగానున్న దోనెయో పడవయో లేనిదే విమానమును నీటిలో విడువము. పడవలో ప్రాణరక్షక చొక్కాలుండవలెను. విమానముకొఱకు ఎవ్వరును నీటిలో దిగరాదు. చేపలు పట్టు గాలపు దారమునకు టెన్నిసు బంతి కట్టి విమానమునకు ఆవలివైపు విసరి, మెల్లగా లాగినచో చాలమారులు అది దరికి వచ్చును. రానిచో వదలివేయవలెను. ఎంత శ్రమపడి చేసినదైనను విమానము మరల చేయవచ్చును.

స్నానము చేయువారును, బట్టలుతుకువారును, పశువులును ఉన్న చోట ఎగురవేయరాదు. కొంగలును బాతులును గ్రుడ్లు పెట్టు కాలమున ఆ చెఱువును వాని కొఱకు విడువవలెను. విఱిగిన థర్మాకోలు ముక్కలను ఒక్కటియు నీటిలో విడువక ఏరి తేవలెను. చేపలు వానిని మ్రింగును. మన దేశమున 2021వ సంవత్సరపు డ్రోన్ నియమముల క్రింద ఆకాశప్రదేశము ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగా విభజింపబడినది. ఎఱుపు మండలమున కేంద్రప్రభుత్వపు అనుమతి లేనిదే ఎగురవేయరాదు. తమ చెఱువు ఏ మండలమునందున్నదో పెద్దలు ముందుగా విచారింపవలెను. చెఱువు యజమానుల అనుమతియు పొందవలెను.

ముగింపు

మూడవ జంట లేచిన ఉదయము చెఱువు గట్టున పదునొకండుగురు విద్యార్థులును, కొందఱు తల్లిదండ్రులును ఉండిరి. నీటిలో దుమికిన బాలుడును, మెట్టును గుండ్రముగా రుద్దిన బాలుడును ప్రక్కప్రక్కన నిలిచియుండిరి. బెస్తవాని దోనె దరిని కట్టియుండెను. విమానము ముప్పది గజములు పరుగిడి, వెనుక రెండు సన్నని తెల్లని చారలు విడిచి, నీటిని వదలెను. కేకలు వేయవలసినవారు ఒక క్షణము మాటలాడలేదు. పిదప అందఱును ఒక్కసారి అఱచిరి.

తరగతిలో నన్ను ప్రశ్నించిన విద్యార్థి అప్పుడు నాయొద్దకు వచ్చి, "ఇప్పుడు తెలిసినది, అయ్యా. పట్టుకొనుట గుండ్రనిదాని పని, విడుచుట వాడిదాని పని" అనెను. నల్లబల్లపై నేను చెప్పినదానికంటె ఆ మాట సరియైనది. ఈ వ్యాసము చదివి ఎవరైనను ఇంట ఫ్లోటులు చేయ తలచినచో, ముందు చెంబుతోను గరిటెతోను ఆ రెండు పరీక్షలును చేసికొని, పిదప ఱంపము చేత పట్టవలసినదిగా కోరుచున్నాను. చెఱువునకు పోవునాడు పెద్దవారిని ఒకరిని, దోనెను ఒకదానిని వెంట తీసికొనిపోవుట మఱవకుడు.